పైడమ్మ గోడకు కొత్త రంగులు

2022 చలికాలం. ఖిదిర్‌పూర్ రేవుకి దగ్గర్లో, కోల్‌కతా వీధులు ఊడ్చి కాలవలు శుభ్రం చేసే కార్మికుల పాత క్వార్టర్సు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొన్ని తరాల క్రితం వచ్చిన తెలుగు కుటుంబాలే అందులో ఎక్కువ. ఆ క్వార్టర్సు పడగొట్టి అంతస్తుల భవనం కట్టాలని అప్పటికే నిర్ణయమైపోయింది. లోపలి వాకిట్లో ఒక పొడవాటి గోడ, దాని నిండా బొమ్మలు ఉన్నాయి. ఆ గోడకి కళగా విలువ ఉందా, ఉంటే దాన్ని మాత్రం పడగొట్టకుండా కొత్త భవనం వాకిట్లో నిలపవచ్చా అన్నది తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ కంటే ముందు వెళ్ళి చూసి నివేదిక రాసే పని నాకు అప్పగించారు.

నా వృత్తి ఆర్ట్ అప్రీసియేషన్ చెప్పడం. బొమ్మ వేయడం కాదు, బొమ్మను చూడటం నేర్పుతాను. "చూడటానికి కూడా పాఠాలా? దేవుడు కళ్ళిచ్చాడు కదా!" అని మా చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. మా నాన్న బ్యాంకు ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చాం, ఈ పని దొరికి నేనిక్కడే స్థిరపడిపోయాను. క్లాసులో మొదటి వారం చెప్పేవి చాలా మామూలు సంగతులు. లైన్ అంటే గీత ఎలా నడిచిందో చూడటం. టెక్స్చర్ అంటే పైభాగం గరుకుగా ఉందా, నున్నగా ఉందా అన్నది. కంపోజిషన్ అంటే ఎవరి పక్కన ఎవరిని పెట్టారు, ఎక్కడ ఖాళీ వదిలారు అనేది. ముందు కనిపించింది చెప్పాలి, తర్వాత అది ఎలా అమరిందో చెప్పాలి, ఆ తర్వాత దాని అర్థం వెతకాలి. బాగుంది, బాగాలేదు అనే మాట అన్నిటికంటే చివర రావాలి. జనం గుమ్మంలోంచే ఆ చివరి మాట అనేసి లోపలికొస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మొదటిసారి వెళ్ళినప్పుడు సింహాద్రి అనే ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడి పనివాళ్ళకి పెద్ద, అందరూ సర్దార్ అంటారు. వాకిట్లో అడుగుపెట్టగానే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇదే దిదీ మన గోడ. బాగా పాతబడిపోనాది. మీకు సూపించడానికి సిగ్గుగా ఉన్నాది."

నేను మాత్రం నిలబడిపోయాను. సున్నం బూడిద రంగుకి తిరిగింది. దానిమీద ఎర్రమట్టి, దీపం మసి, బట్టలకి పెట్టే నీలిమందు, పసుపు. ఉన్నవి ఆ నాలుగు రంగులే. ఒక చివర పోలమ్మ తల్లి, ఇంతింత కళ్ళేసుకుని. ఆమెకి ఎదురుగా ఊరేగింపు వస్తోంది. తలమీద ఘటాలతో ఆడవాళ్ళు, డప్పులవాళ్ళు, ఒక మేకపోతు, చీపుళ్ళు భుజాన వేసుకున్న మగవాళ్ళు. వాళ్ళ వెనక రేవులోని క్రేన్లు, ఒక ఓడ. ఊళ్ళోని అమ్మవారి పండగని తీసుకొచ్చి ఖిదిర్‌పూర్‌లో దింపినట్టుంది.

ఏటా పండగ ముందు ఆ గోడకి సున్నం కొట్టి బొమ్మలన్నీ మళ్ళీ కొత్తగా వేయడం అక్కడి ఆచారం. వేసేది పైడమ్మ అనే ఆవిడ, అంతకుముందు వాళ్ళత్తగారు. కొన్నేళ్ళ క్రితం పైడమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ చెయ్యి అందుకునేవాళ్ళు లేక, ఆవిడ వేసిన చివరి బొమ్మలు అలాగే మిగిలిపోయాయి.

గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంటూ వెళ్ళాను. మా వృత్తిలో ఫోకల్ పాయింట్ అని ఒకటుంది. బొమ్మలో కన్ను పోయి పోయి ఆగే చోటు. అంత పెద్ద కళ్ళున్న అమ్మవారి దగ్గర ఆగాలి న్యాయానికి. కానీ నా కన్ను మాటిమాటికీ ఊరేగింపులో ఆఖరి మనిషి దగ్గరకి పోతోంది. అందరూ అమ్మవారి వైపు చూస్తుంటే అతనొక్కడే వెనక్కి తిరిగి, వాకిట్లో నిలబడ్డ మనవైపు చూస్తున్నాడు. ఒక భుజం కాస్త కిందికి వాలి ఉంది. మెడ నుంచి నడుం దాకా ఒకటే గీత. చెయ్యి ఎత్తకుండా, తడబడకుండా లాగిన గీత. ఎన్నో ఏళ్ళుగా బొమ్మలు చూస్తున్నాను, అలాంటి గీత ఎక్కువసార్లు చూడలేదు.

పైడమ్మ గోడకి ఎదురుగా, తన గది గుమ్మం ముందు నులకమంచం మీద ఎండలో కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏ బొమ్మ ముందు వేసేవారమ్మా?" అని అడిగాను.

"అమ్మోర్ని ముందు ఎయ్యాల. తరవాతే మిగిలినోల్లు. ఇంత సదువుకున్నావు, అదీ తెలీదేటి?" అని నవ్వింది.

"ఆ చివర ఉన్నతను ఎవరు?"

"మావోడే. నా కొడుకు, అప్పన్న."

"ఎందుకలా వెనక్కి చూస్తున్నాడు?"

"ఆడలగే. పనికెల్లీటప్పుడు వాకిలి దాటినాక ఒకపాలి ఎనక్కి తిరిగి సూసీవోడు, నాను గుమ్మంలో ఉన్నానో నేదో అని. ఆ పొద్దూ సూసినాడు."

మిగతాది సింహాద్రి చెప్పాడు. ఒక కాంట్రాక్టరు కింద అప్పన్న మురుగుకాలవ మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. లోపల గ్యాసు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. అప్పటికి వీళ్ళ చేతుల్లో కెమెరా ఫోన్లు లేవు. ఉన్న ఒక్క ఫొటో పని కార్డు మీద ఉండేది, ఆ కార్డు అతని జేబులోనే బురదపాలైంది. ఆ ఏడు పండక్కి పైడమ్మ గోడమీద ఊరేగింపు చివర ఒక మనిషిని కలిపింది. చెయ్యి పడిపోయేదాకా ఏటా అతన్ని మళ్ళీ వేసింది.

"ఏటేటా చెరిపి మళ్ళీ వేసేవారు కదా. ప్రతిసారీ అచ్చం ఇలాగే వచ్చేవాడా?"

"ఎందుకు రాడమ్మా? కూరలో ఉప్పు ఏసీటప్పుడు కొలుస్తామేటి? సెయ్యికి తెలుస్తాది." అని పడిపోయిన చేతిని రెండో చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడడిగింది. "ఈ గోడ ఉంచుతారా తల్లీ? గది పోతే పోనీ. నన్నెక్కడ పడీసినా పడుంటాను. ఈ గోడ నిలబడితే సాలు. రోజూ వొచ్చి దీనెదర కూకుంటాను."

నేను రాయగలిగినంత గట్టిగా రాస్తానని, తీర్పు మాత్రం కమిటీదని చెప్పాను. సింహాద్రిని, చుట్టూ మూగినవాళ్ళని పిలిచి మరీ చెప్పాను. కమిటీవాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారు, అప్పటిదాకా గోడని ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఎవరూ ముట్టుకోకండి అని.

"అలగే దిదీ. ఒక్క బొమ్మ కూడా మారదు. మాది పూచీ." అన్నాడు సింహాద్రి.

నివేదిక రాశాను. అందులో ముఖ్యమైనది స్టేట్‌మెంట్ ఆఫ్ సిగ్నిఫికెన్స్, అంటే ఈ వస్తువు ఎందుకు విలువైనదో చెప్పే భాగం. నాలుగు రంగులతో ఇంత లోతు ఎలా వచ్చిందో రాశాను, ఊరేగింపుకీ ఓడకీ మధ్య వదిలిన ఖాళీ గురించి రాశాను, ఆ ఆఖరి గీత గురించి రాశాను. ఫొటోలు జతచేశాను. నేను సాధారణంగా ఆశలు పెట్టుకునే మనిషిని కాను. ఆ నివేదిక పంపిన రోజు మాత్రం ఈ గోడ నిలుస్తుందనే నమ్మాను.

కమిటీతో కలిసి వెళ్ళిన రోజు గేటు దగ్గరే డప్పులు మోగాయి. మామిడి తోరణాలు, బంతి దండలు, మట్టి కప్పుల్లో టీ, పళ్ళెం నిండా సందేశ్ మిఠాయి. పిల్లలందరికీ తలలు దువ్వి మంచి బట్టలు తొడిగారు. వాకిట్లోకి వెళ్ళాం. గోడ తళతళలాడుతోంది.

బూడిద సున్నం లేదు, ఎర్రమట్టి లేదు. తెల్లటి ఎనామిల్ మీద చిలకపచ్చ, గులాబి, బంగారు రంగు. పోలమ్మకి కిరీటం వచ్చింది. ఓడ మీద జెండా వచ్చింది. మేకపోతు మెడలో గంట వచ్చింది. ఎనామిల్ అంటే తలుపులకీ లారీలకీ వేసే మెరిసే నూనెరంగు. అది పట్టాలంటే పాత సున్నమంతా గీకి, లప్పం పట్టించాలి. గీకారు, పట్టించారు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వీళ్ళు మాత్రం అలికి, పండగ వచ్చేసిందనే అనుకున్నారు.

"ఎలగున్నాది దిదీ?" సింహాద్రి ముఖం వెలిగిపోతోంది. "మెటియాబ్రుజ్ నుంచి పెయింటర్ని తెచ్చినాం. బస్సుల మీద బొమ్మలేస్తాడు. అందరం కలిసి ఏయించినాం."

"ముట్టుకోవద్దన్నాను కదండీ!" అన్నాను.

"బొమ్మల్ని ముట్టుకోలేదు దిదీ. ఎవుల్లు ఎక్కడుండాల్నో అక్కడే ఉన్నారు, లెక్కెట్టుకోండి. రంగే కొత్తది. పెద్దోల్లు వొస్తంటే మాసిన గోడ సూపిస్తామేటి? అమ్మోరికి మాసిన కోక కట్టి నిలబెడతామేటి?"

బొమ్మలో ఏముంది అన్నది వేరు, దాన్ని ఎలా వేశారు అన్నది వేరు అని క్లాసులో నేను రెండు వాక్యాల్లో చెప్పి, తర్వాతి స్లైడుకి వెళ్ళిపోతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెబుతారు. ఆ వాకిట్లో ఆ రెండూ నా కళ్ళముందే విడిపోయాయి. గోడమీద ఏముందో అదంతా వీళ్ళు జాగ్రత్తగా కాపాడారు. ఒక్క మనిషిని తగ్గించలేదు, ఒక్క కుండని వదిలిపెట్టలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టు నిలబెట్టుకున్నారు. పోయింది పైడమ్మ చెయ్యి ఒక్కటే.

పెయింటర్ని కూడా తప్పుపట్టలేను. అతని చేతిలో పనితనముంది, ఆ మేకపోతుని హుషారుగా వేశాడు.

ఆఖరి మనిషిని వెతుక్కున్నాను. ఉన్నాడు. కొత్త నీలం చొక్కా, మెలితిప్పిన మీసం. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. ముఖం అందరిలాగే అమ్మవారి వైపు తిరిగి ఉంది.

నేనెక్కడ చూస్తున్నానో సింహాద్రి గమనించాడు. "అది నానే తిప్పమన్నాను దిదీ. ఊరేగింపులో అమ్మోరి కాడ ముకం తిప్పుకోడం దోసం కదా. పెద్దోల్లు సూస్తే మన గురించి ఏటనుకుంటారు?" గొంతు తగ్గించాడు. "అప్పన్నా నానూ ఒకే జట్టు. ఆడి సొక్కా ఎప్పుడూ సిరిగిపోయే ఉండీది. సూడండి, ఇప్పుడెలగున్నాడో."

ప్రేమతో చేశాడు. అది తెలుస్తూనే ఉంది. తెలియడం వల్ల కోపం తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది నాకు.

పైడమ్మ అదే మంచం మీద ఉంది. కానీ మంచం అటు తిప్పించుకుంది, గోడ వీపువైపు ఉండేలా.

"మీరు వద్దనలేదా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకంటాను? కొత్త సున్నమేసినప్పుడల్లా మావోడు కొత్తగా వొచ్చీవోడు కదా. ఇప్పుడూ అలగే వొస్తాడనుకున్నాను. ఈ ఎడంసేత్తో మొదటి బొట్టు నానే ఎట్టినాను." ఆవిడ గోడవైపు చూడలేదు. "వొచ్చినోడు ఆడు కాదమ్మా."

కమిటీకి పెద్ద ఒక రిటైర్డు ఆర్కిటెక్టు. బెంగాలీ పెద్దమనిషి, మర్యాదస్తుడు. గోడంతా ఓపిగ్గా చూశాడు. నా నివేదిక తెరిచి ఫొటోలు చూశాడు, మళ్ళీ గోడ చూశాడు. జరిగింది చెప్పాను.

"మీరు రాసింది నిజమే అయి ఉంటుంది," అన్నాడాయన ఇంగ్లీషులో. "కానీ మీరు రాసిన గోడ ఇక్కడ లేదు."

నేను పట్టు వదల్లేదు. వీళ్ళ ఆచారమే ఏటా చెరిపి మళ్ళీ వేయడం, చెరపడం కూడా ఈ కళలో భాగమే, అలా చూస్తే ఇది ఇంకా బతికున్న సంప్రదాయం, దానికి విలువ కట్టండి అని వాదించాను. ఆయన నిజంగానే ఆలోచించాడు.

"ఏటా కొత్తగా వేసుకునేదయితే కొత్త భవనం గోడమీద కూడా వేసుకోవచ్చు కదమ్మా. ఈ గోడే ఎందుకు?"

నా వాదన నాకే అడ్డం తిరిగింది. వేసే చెయ్యి పోయింది సార్ అన్నాను. అన్న మరుక్షణమే తెలిసింది, అది గోడని నిలిపే కారణం కాదని. ఆయన తల వంచి ఏదో రాసుకున్నాడు. వెళ్ళేముందు, ఎదురుచూస్తున్న జనం వైపు తిరిగి చేతులు జోడించి "ఖూబ్ శుందొర్, ఖూబ్ శుందొర్" అన్నాడు, చాలా అందంగా ఉందని. డప్పులు మళ్ళీ మోగాయి. ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు మిఠాయి నోట్లో పెట్టుకున్నారు. నెగ్గామనుకున్నారు.

అసలు సంగతి చెప్పే పని నాకే మిగిలింది. గేటు దగ్గర సింహాద్రిని పక్కకి పిలిచి, గోడని నిలపరని చెప్పాను.

"శుందొర్ అన్నాడు కదేటి దిదీ?"

"అన్నాడండీ."

"మరి?"

ఆయన గోడవైపు చూశాడు, నా వైపు చూశాడు. ముఖంలో వెలుగు మెల్లగా దిగిపోయింది.

"నానే సెడగొట్టినానా?"

కాదన్నాను. పాత గోడే ఉండుంటే కమిటీ నిలిపేదేమో, నిలిపేది కాదేమో, ఎవరికి తెలుసు? ఆయన నమ్మలేదు. తలపాగా తీసి ముఖం తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

పాత చిత్రాలు బాగుచేసే స్నేహితురాలు ఒకావిడ ఉంది. ఎనామిల్ కరిగించి కింది బొమ్మ బయటికి తేవచ్చేమో అని ఆవిణ్ణి తీసుకెళ్ళాను. ఒక మూల కొద్దిగా గీకి చూసింది. "కింద ఏమీ మిగల్లేదు. లప్పం, దాని కింద ఇటుక." అని సంచీ సర్దుకుంది. ఆశ అనేది అలాంటి వేళల్లో మనిషిని ఎంత వెర్రిదాన్ని చేస్తుందో! ఇంకో మూల కూడా గీకమన్నాను. అక్కడా ఇటుకే.

వానలకి ముందే క్వార్టర్సు పడగొట్టేశారు. గోడ కూలిన రోజు నేను వెళ్ళలేదు, వెళ్ళే ధైర్యం లేకపోయింది. కుటుంబాలన్నిటినీ కొంత దూరంలో రేకుల షెడ్లలోకి మార్చారు.

నా దగ్గర ఫొటోలు మిగిలాయి. అందులో అప్పన్నది ఒకటి చాలా బాగా వచ్చింది. తిరిగిన మెడ, వాలిన భుజం, ఆ గీత, అన్నీ ఉన్నాయి. దాన్ని మంచి కాగితం మీద ప్రింటు తీయించి, చెక్క ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళాను. మొత్తం గోడని ఇవ్వలేకపోయినా ఈ ఒక్కడినైనా ఇవ్వగలుగుతున్నానని దారిపొడుగునా అనుకున్నాను.

షెడ్డులో ఉక్క. పైడమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఫ్రేము ఎడంచేత్తో అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఆడే," అంది. "మావోడే."

నా గుండెలోంచి ఏదో బరువు దిగినట్టనిపించింది. కానీ ఆవిడ బొమ్మమీద వేళ్ళు పెట్టి, తల నుంచి కాళ్ళ దాకా కొలిచింది. జానెడు కూడా లేదు.

"ఎంత సిన్నోడైపోనాడమ్మా," అంది. "గోడమీద నాకంటే ఎత్తుండీవోడు. దగ్గిరికెల్తే తలెత్తి సూడాల్సొచ్చీది. ఆడు బతికున్నప్పుడూ అలగే తలెత్తే మాటాడీదాన్ని." ఫ్రేము మెల్లగా నా చేతికి తిరిగి ఇచ్చింది. "ఇంత గుంటడప్పుడు నా ఒల్లోనే ఉన్నాడు, ఎక్కడికీ పోనేదు. పెద్దోడయినాక కదా పోనాడు. నాకు పెద్దోడు కావాలమ్మా."

మా పాఠాల్లో దాన్ని స్కేల్ అంటారు. బొమ్మ పరిమాణం, దాని ముందు నిలబడ్డ మనిషితో పోలిస్తే ఎంత అన్నది. పుస్తకంలో ఒక పేరా, పరీక్షలో ఒక చిన్న ప్రశ్న. గుడి గోడనీ గోరంత నాణేన్నీ ఒకే తెరమీద ఒకే సైజులో చూపిస్తూ ఎన్నో ఏళ్ళు గడిపాను. ఇప్పుడు ప్రతి స్లైడు దగ్గరా ఆగి, ఇది ఎంత ఎత్తు, చూసేవాళ్ళు తల ఎత్తాలా, దించాలా అని చెబుతున్నాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు, మేడమ్ బాగా చెబుతారని మెచ్చుకుంటారు కూడా. ఒక తల్లికి తలెత్తి చూసుకోవడానికి ఏమీ లేకుండా పోతే గానీ రాని పాఠమైతే, అది నాకు రాకుండా ఉండిపోయినా బాగుండేది.